భోజనానికి నలుగురం

హోటలు మాట్లాడమన్నదీ ఆయనే, ఏ హోటలో చెప్పిందీ ఆయనే. బేరం చెడేసరికి తప్పు మాత్రం చిన్నకోడలిదైంది.

పొద్దున్నే బావగారు ఆఫీసు గదిలోకి వచ్చి, కోటు విప్పి కొక్కేనికి తగిలించి, నిలబడే మొదలుపెట్టారు. చేప చల్లారిపోయాక తెచ్చారట. బల్ల తలుపు పక్కనే ఇచ్చారట, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ భుజాలు రాసుకుంటూ పోయారట. పెద్ద బేరం ఇస్తాడనుకున్న ఆసామి సూప్ అయినా పూర్తికాకముందే గడియారం చూసుకున్నాడట, తీపి రాకముందే లేచి చక్కా పోయాడట. ఇవన్నీ ఒక్కొక్కటే వేళ్ళు మడిచి చెప్పి, "ఒక్క పని అప్పజెప్పాం. అదీ చూసుకోలేకపోతే ఎలా అమ్మాయ్?" అని ముగించారు.

ఒక్క పనట! ఆ కుర్చీల కంపెనీలో ఫోన్లు ఎత్తేది ఆమె, సరుకు బండ్లు పంపేది ఆమె, చెక్క సమయానికి రాకపోతే కలప అడితివాళ్ళతో పోట్లాడేది ఆమె. బేరానికి వచ్చినవాళ్ళకు భోజనం ఏర్పాటు చేసేదీ ఆమే. హోటలుకు ముందుగా వెళ్ళి, బల్ల ఎక్కడో చూసి, వంట ఏమిటో అడిగి, గ్లాసులు తళతళలాడుతున్నాయో లేదో కూడా ఎత్తి చూసి వచ్చేది. తీరా భోజనం వేళకు ఆ బల్ల దగ్గర కూర్చునేది బావగారు. ఇన్నేళ్ళలో ఆమె ఒక్కసారి కూర్చోలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మననూ లేదు, అంతే.

  ఆయన తిడుతున్నంతసేపూ ఆమె మనసు చేప మీద లేదు, కుర్చీ మీద ఉంది.

నిన్న బావగారు చెక్క నమూనాలు మరిచిపోయి వెళితే, ఆమె వాటిని పట్టుకుని ఆ మేడమీది హోటలుకు పరుగెత్తింది. ఊరంతా కిందికి కనిపించే అద్దాల గోడలు, అడుగు వేస్తే కూరుకుపోయే తివాచీ, అడుగడుక్కీ వంగి దండాలు పెట్టే మనుషులు. పైన పటారం లోన లొటారం అంటే అదే. ఆసామి బావగారి మాటలు వింటూ ఒకసారి కుడికి ఒరుగుతున్నాడు, ఒకసారి ఎడమకు ఒరుగుతున్నాడు. వీపు ఆనించబోయి మళ్ళీ ముందుకు జరుగుతున్నాడు. ఆమె అందిస్తున్న నమూనాల్లోంచి ఒక ముక్క జారి కింద పడింది. తీయడానికి వంగితే ఆసామి కుర్చీ అడుగున చిన్న ఇత్తడి బిళ్ళ కనిపించింది. పోటీ కంపెనీ బిళ్ళ. పక్క కుర్చీ కిందా అదే. బావగారు దర్జాగా కూర్చున్న కుర్చీ కిందా అదే.

పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు, కుర్చీలు అమ్ముకోవడానికి వెళ్ళి మనిషిని పోటీవాడి కుర్చీలో కూర్చోబెట్టారు. ఎంతమందిని, ఎన్నేళ్ళుగా ఇలా కూర్చోబెడుతున్నారో తలుచుకుంటే ఆమెకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది.

మధ్యాహ్నం భోజనాలు ఆఫీసు వెనక గదిలోనే. ఇంట్లోంచి తెచ్చుకున్న గిన్నెలు బల్ల మీద పెట్టి అందరూ చుట్టూ చేరేవారు. ఒక చివర మావయ్య. ఈ కంపెనీ పెట్టిన మనిషి, వడ్రంగి. మాట తక్కువ, చెయ్యి ఎక్కువ. ఎక్కడ కూర్చున్నా ఆయన చెయ్యి కుర్చీ కిందికి పోతుంది. కూర్చునే పలక అంచు తడుముతుంది, కాలు పలకలో దిగిన చోటు తడుముతుంది, అనుమానం తీరకపోతే కుర్చీని తిరగేస్తుంది. డాక్టరు గదిలో తిరగేశారు, వియ్యంకుల ఇంట్లో తిరగేశారు. ఒకసారి మేడమీది హోటల్లో, బేరానికి వచ్చినవాళ్ళ ఎదుటే తిరగేయబోతే బావగారికి తల కొట్టేసినంత పనైంది. ఆనాటినుంచి తండ్రిని భోజనాలకు తీసుకెళ్ళడం మానేశారు.

మావయ్యకు ఎదురుగా బావగారు, పక్కన ఆమె భర్త. అమ్మకాలు అన్నగారివి, కార్ఖానా తమ్ముడిది. తమ్ముడికి యంత్రాలతో మాట్లాడటం వచ్చు గానీ అన్నకు ఎదురు చెప్పడం పుట్టుకతోనే రాలేదు.

ఆరోజు బావగారు రొట్టె తుంచుకుంటూ చెప్పిన మాటకు ఆ బల్ల దగ్గర ఎవరికీ ముద్ద దిగలేదు. ఊరూరా భోజనశాలలు తెరుస్తున్న ఒక సంస్థ ఉంది. వాళ్ళకు కొనుగోళ్ళు చూసే ఆవిడ వారం చివర్లో వస్తోంది. అన్ని శాలలకూ కుర్చీలు ఒకేచోట తీసుకుంటారు. ఆవిడ కూడా జారిపోతే ఇక కార్ఖానా మూసేద్దామన్నారు. బయటినుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించుకుని అమ్ముకుంటే రంపపు పొట్టూ ఉండదు, రోజంతా ఈ చప్పుడూ ఉండదన్నారు. ఆమె భర్త చెంచా కింద పెట్టేశాడు. ఇప్పటికే అతని యంత్రాల్లో సగం గుడ్డలు కప్పుకుని ఉన్నాయి.

బావగారు ఆమె వైపు తిరిగి, మేడమీది హోటలుకే ఫోన్ చెయ్యమని, ఈసారి తలుపు పక్కన కాకుండా కిటికీ పక్క బల్ల అడగమని చెప్పారు.

"బావగారూ, ఆ హోటల్లో కుర్చీలు ఎవరివో ఎప్పుడైనా చూశారా?" అంది ఆమె.

ఆయన చూడలేదు. ఆమె చెప్పింది. ఆయన ఒక్క క్షణం తడబడి, వెంటనే తేరుకుని, "భోజనానికి వెళ్ళి కుర్చీలు ఎవరు చూస్తారమ్మా?" అన్నారు.

"కుర్చీలమ్మే మనమే ఆ మాటంటే ఎలా బావగారూ?"

మావయ్య గ్లాసులోకి నవ్వారు. భర్త దగ్గు వచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు. బావగారి మొహం కందగడ్డ అయింది. భోజనమంటే హోదా అని, ఆ మెట్లూ ఆ తివాచీ చూస్తేనే వచ్చినవాడికి మర్యాద జరిగినట్టుంటుందని ఆయన వివరించబోయారు. నిన్నటి ఆసామికి మర్యాద బాగానే జరిగిందని, నడుముకే జరగలేదని ఆమె అంది.

"అయితే ఎక్కడికి తీసుకెళ్ళాలో నువ్వే చెప్పు," అన్నారు ఆయన, చేతులు కట్టుకుని.

ఆమెకు తోచలేదు. మన కుర్చీలున్న మంచి హోటలేదో గుర్తు రాలేదు. అప్పుడు మావయ్య, ఎవరినీ చూడకుండా, బస్సులు ఆగేచోట మూలమీద గుండాయన హోటలుందని, అక్కడ తను చేసిన కుర్చీలు ఇంకా ఉంటే ఉండొచ్చని అన్నారు.

బస్సు డ్రైవర్లు తినే హోటలా అని బావగారు పగలబడి నవ్వారు. నవ్వి నవ్వి, ఆగి, సరే అన్నారు. అక్కడికే తీసుకెళదాం. కుదిరితే సంతోషం. కుదరకపోతే మాత్రం కార్ఖానా మూసే మాటకు ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పకూడదు. అందరూ మావయ్య వైపు చూశారు. ఆయన చెయ్యి తుడుచుకుని, "అలాగే," అన్నారు.

నోరు పారేసుకున్నానేమో అని ఆమెకు అప్పుడు అనిపించింది. ఊరుకున్నంత ఉత్తమం లేదని అమ్మ ఊరికే చెప్పలేదు.

మర్నాడు ఆమె మావయ్యను వెంటబెట్టుకుని మూలమీది హోటలుకు వెళ్ళింది. కప్పు తక్కువ ఎత్తు, గోడలకు సున్నం, పొడుగాటి కిటికీలు. లోపల ఉల్లిపాయలు వేగుతున్న వాసన. నలుగురైదుగురు డ్రైవర్లు టోపీలు బల్ల మీద పెట్టి, కాళ్ళు చాపుకుని, తిన్నాక కూడా లేవకుండా కబుర్లాడుకుంటున్నారు.

మావయ్య గుమ్మంలోనే ఆగిపోయారు. తర్వాత దగ్గరున్న కుర్చీని రెండు చేతులా ఎత్తి, నిద్రపోతున్న పిల్లను తిప్పినట్టు నెమ్మదిగా తిరగేశారు. పలక అడుగున, ఉలితో ఒక్క దెబ్బకు తీసిన చిన్న నెలవంక గీత. ఆయన బొటనవేలు దాని మీద పెట్టి అలాగే ఉంచారు. చేతుల పిడుల దగ్గర రంగు ఎప్పుడో పోయింది, మనుషుల చేతులు రాసుకుని రాసుకుని చెక్క నున్నగా మెరుస్తోంది. ఒకదానికి వేడి మూకుడు పెట్టిన మచ్చ ఉంది. ఒకదాని వీపు మీద ఎవరో గోరుతో గీకిన పడవ బొమ్మ ఉంది. వదులైన కాలు ఒక్కటీ లేదు.

అనుకున్నంతలోనే గోడ పక్క కుర్చీలో ఆమె కూర్చుంటే టక్కున ఊగింది. ఆమె గుండె కూడా దాంతోపాటే ఊగింది. మావయ్య ఆ కుర్చీని జానెడు పక్కకు జరిపారు. ఊగలేదు. మళ్ళీ పాతచోట పెట్టారు. ఊగింది. పక్క బల్ల కుర్చీ తెచ్చి అక్కడ పెడితే అదీ ఊగింది.

"కుర్చీ కాదమ్మా, నేల," అన్నారు.

గుండాయన బట్టతల తడుముకుంటూ వచ్చి చూశాడు. వానాకాలంలో నీళ్ళు దిగి అక్కడ బండ లేచిందని, తను ఇన్నాళ్ళూ ఆ కుర్చీ కాలి కింద కాగితం మడిచిపెట్టి, దాన్ని చేసినవాళ్ళని తిట్టుకుంటున్నానని ఒప్పుకున్నాడు. ఆ చేసినవాడు ఎదురుగానే ఉన్నాడని తెలిశాక వాళ్ళిద్దరికీ కాఫీ తెప్పించాడు.

సంగతి తెలిసి కార్ఖానా మేస్త్రీ కూడా వెనకాలే వచ్చాడు. ఈ పూటే కుర్చీలన్నీ బండిలో వేసుకుపోయి, చిత్రిక పట్టి, పాలిష్ కొట్టి, ఆవిడ వచ్చేలోపు కొత్త పెళ్ళికూతుళ్ళలా తెచ్చి నిలబెడతానన్నాడు. ఆమెకు ఆ మాట తియ్యగానే వినిపించింది. ఆ మచ్చలూ ఆ పడవా పోతాయి, బావగారు వెక్కిరించడానికి ఏమీ మిగలదు. ఊఁ అనబోయింది కూడా. కానీ కిటికీ దగ్గర డ్రైవర్లు ఇంకా లేవలేదు. వాళ్ళలో ఒకాయన వెళ్ళొస్తానని లేచి, టోపీ పెట్టుకుని, ఏదో గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

మావయ్య కూడా అటే చూస్తున్నారు. "మంచి కుర్చీలో ఉన్నప్పుడు కుర్చీ గుర్తుండదమ్మా," అన్నారు. "లేచాక గుర్తొస్తుంది."

ఆమె మేస్త్రీని వెనక్కి పంపేసింది. పాతవి పాతగానే ఉండాలి. గుండాయన మాత్రం కంగారు పడిపోయాడు. తన హోటలుకు అంతటివాళ్ళు రారని, బల్లలకు పట్టుగుడ్డలు కప్పిస్తానని, మేడమీది హోటలు వంటవాణ్ణి ఒక పూటకు అడిగి తెస్తానని అన్నాడు. ఆమె అతను రోజూ చేసే సూప్ తెమ్మని, రొట్టె ముంచుకుని తిని, గిన్నె ఖాళీ చేసి, ఇదే చెయ్యమంది, ఇంతకంటే ఏమీ చెయ్యొద్దంది. గోడ పక్క బల్ల కావాలంది, ఆ లేచిన బండకు దూరంగా.

"ఎంతమందండి?" అన్నాడు గుండాయన.

ముగ్గురని నోటిదాకా వచ్చింది. వచ్చే ఆవిడ, బావగారు, మావయ్య. ఆమె ఆ బల్ల చుట్టూ ఉన్న కుర్చీలను చూసింది. నాలుగు.

"నలుగురం," అంది.

మావయ్య మరో కుర్చీ అడుగున తల పెట్టి ఉన్నారు. అక్కడినుంచే, "అదీ," అన్నారు.

బావగారికి ఆ సంగతి ఆఫీసులోనే చెప్పింది, నేరుగా. నువ్వు దేనికని ఆయన నిజంగానే అర్థంకాక అడిగారు.

"హోటలు ఎంచినదాన్ని కదండీ. తిట్లు తినేటప్పుడు ఒక్కదాన్నే తిన్నాను, ఈసారి భోజనం కూడా తింటాను."

 ఆయన దగ్గర ఆమె ఇంకో మాట కూడా తీసుకుంది. ఆవిడ తనంతట తాను అడిగేదాకా ఎవరూ కుర్చీల మాట ఎత్తకూడదు. నమూనాలు తియ్యకూడదు, బొమ్మల పుస్తకం తెరవకూడదు. బావగారి నోట్లో నువ్వుగింజ నానదు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. మాట్లాడకుండా బేరమెలా కుదురుతుందని ఆయన వాదించారు. చివరికి, నీ ఆట నువ్వాడు అని, దానికి బదులుగా నాన్న కుర్చీలు తిరగేయకూడదని తన షరతు తను పెట్టారు. అలా తండ్రి చేతులూ కొడుకు నోరూ కట్టేసుకుని ముగ్గురూ ఆ రోజు కోసం ఎదురుచూశారు.

బయలుదేరేముందు ఆమె కార్ఖానాలోకి వెళ్ళింది. భర్త ఒక యంత్రానికి నూనె పోస్తున్నాడు, గుడ్డ కప్పి ఉన్నదానికి. వాడని యంత్రానికి నూనెందుకని ఆమె అడగలేదు.

"నాకు భయంగా ఉంది," అన్నాడు.

"నాకూ ఉంది."

అతను చేతులు తుడుచుకుని ఆమె భుజం మీద అంటుకున్న రంపపు పొట్టు దులిపాడు. అంతకంటే ధైర్యం చెప్పడం అతనికి రాదు, ఆమెకూ అక్కర్లేకపోయింది.

వచ్చిన ఆవిడ భారీ మనిషి. నెరిసిన జుట్టు, గుడ్డ బూట్లు, భుజాన బరువైన సంచీ. నడకలో అలసట తెలుస్తోంది. బావగారు గుమ్మంలోనే క్షమాపణలు మొదలుపెట్టారు, చోటు చిన్నదనీ, మరోలా అనుకోవద్దనీ. ఆవిడ వినిపించుకోకుండా లోపలికి వచ్చి, సంచీ కింద పడేసి, ఉస్సురని కూర్చుంది.

చిన్నకోడలు ఆవిడ వీపు కనిపించేలా పక్కగా కూర్చుంది. బల్ల దగ్గర కూర్చోవడం ఎంత తేలిక పనో అని ఆశ్చర్యపోయింది. కుర్చీ లాగాలి, కూర్చోవాలి, అంతే. ఇన్నేళ్ళు ఇదేదో చేతకాని విద్య అన్నట్టు బయట నిలబడింది.

సూప్ వచ్చింది. ఆవిడ రొట్టె తుంచి ముంచుకుని తింది. మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పింది, రైళ్ళ గురించి చెప్పింది, మనవరాలు ఊడిన పన్ను దాచుకుని ఎవరికీ చూపించడంలేదని చెప్పి తానే నవ్వింది. కుర్చీల మాట ఎత్తలేదు. బావగారు ఊరిలోకెల్లా మంచి కుర్చీలో ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నారు. ఒకటి రెండుసార్లు నోరు తెరిచి, మరదలి చూపు తగిలి, అందులో రొట్టె పెట్టుకున్నారు. మావయ్య బడిపిల్లాడిలా రెండు చేతులూ బల్ల మీద పెట్టి, వాటిని తనే కాపలా కాస్తున్నారు.

ఆమె మాత్రం ఆవిడ వీపునే చూస్తోంది. మొదట ముందుకు వంగి ఉన్న మనిషి, చేప వచ్చే వేళకు వెనక్కి ఒరిగింది. ఒరిగి అక్కడే ఉండిపోయింది. ఒక చెయ్యి పక్క బల్ల దగ్గరి ఖాళీ కుర్చీ వీపు మీదకు చేరింది. కుడికి లేదు, ఎడమకు లేదు.

మాటల్లో మాటగా ఆవిడ నిన్నటి భోజనం సంగతి చెప్పింది. మీ పోటీ కంపెనీవాళ్ళు మేడమీది హోటలుకు తీసుకెళ్ళారంది. అక్కడివన్నీ తమ కుర్చీలేనని కూర్చోబెట్టి మరీ చూపించారట.

"ఊరంతా బాగా కనిపించింది. నాకేమో ఎప్పుడు లేస్తానా అనిపించింది," అంది.

బావగారికి పొలమారింది. మంచినీళ్ళు తాగి, గ్లాసు దించి, మరదలి వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. మేడ మీదినుంచి పడబోయి ఎవరో చొక్కా పట్టుకుని లాగితే బతికిపోయిన మనిషి చూపు అది.

తీపి కూడా అయింది. ఆవిడ మూతి తుడుచుకుని, గడియారం చూసుకుని లేచింది. భోజనం బాగుందంది. రైలు అందుకోవాలంది. "మీ నమూనాలు పంపండి, చూస్తాం," అంది.

ఈ వ్యాపారంలో ఉన్న ఎవరికైనా ఆ మాటకు అర్థం తెలుసు. ఆవిడ చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళింది. మావయ్య చేతులు బల్ల మీదినుంచి జారి ఒళ్ళో పడ్డాయి. "పోయింది," అన్నారు బావగారు, చాలా మెల్లగా. గెలిచిన గొంతు కాదది. కార్ఖానా పోతే తనకూ ఏదో పోతుందని ఆయనకు ఇప్పుడే తెలిసినట్టుంది. సంచీలోని బొమ్మల పుస్తకం మీదకు ఆయన చెయ్యి వెళ్ళింది. ఆమె తల అడ్డంగా ఊపింది. ఎందుకు ఊపిందో ఆమెకే తెలియదు, ఇక దాచుకోవడానికి మిగిలింది కూడా ఏమీ లేదు. గుడ్డ కింద నూనె పోయించుకున్న యంత్రం కళ్ళ ముందు మెదిలి ఆమెకు ఏడుపొచ్చింది. ఆపుకుంది.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సంచీ భుజాన వేసుకుంది. కుర్చీని లోపలికి నెట్టబోయి, దాని వీపు మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే నిలబడింది. తర్వాత సంచీ దించి మళ్ళీ కూర్చుంది.

"ఇంకో కాఫీ తాగుదామా?" అంది.

 మావయ్య కోడలి వైపు చూశారు. ఆమె గుండాయనకు సైగ చేసి, నాలుగు కాఫీలు చెప్పింది.

కాఫీ సగంలో ఉండగా ఆవిడ చెయ్యి కిందికి జారింది. పలక అంచు తడిమింది. కాలు దిగిన చోటు తడిమింది. మావయ్య కళ్ళు పెద్దవయ్యాయి. ఆ చేతి నడక ఆయనకు తెలుసు, అది ఆయనదే. ఆవిడ కప్పు పక్కన పెట్టి, పక్క బల్ల ఖాళీ కుర్చీని ఒక్క ఊపున తిరగేసి ఒళ్ళో పెట్టుకుంది.

"పొద్దుటినుంచి లాగుతున్న నడుము ఇక్కడ కూర్చున్నాక లాగడంలేదు," అంది. "ఎవరి పని ఇది? ఈ గీతేమిటి?"

బావగారి పెదవులు కదిలాయి, ఆగాయి. మావయ్య నోరు తెరిచి, అనుమతి కోసం కోడలిని చూశారు.

"చెప్పండి మావయ్యా," అంది ఆమె.

"నాదే," అన్నారు ఆయన.

ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. గీత ఒక్క ఉలి దెబ్బతో ఎలా పడుతుందో, పలకను ఎక్కడ ఎంత గుంటగా తీస్తే తొడల కింద నెత్తురు ఆడుతుందో, కాలు ఏ వాలున దిగాలో చెబుతూ ఆయన తన కుర్చీని తిరగేశారు. ఆవిడా తన కుర్చీని తిరగేసింది. రెండు నెరిసిన తలలు ఒకే పలక మీదకు వంగాయి. డ్రైవర్లు తిండి మానేసి చూస్తున్నారు. ఇవి ఎప్పటివని ఆవిడ అడిగితే గుండాయన వంటింటి తలుపులోంచే చెప్పాడు, ఇవి వచ్చినప్పుడు మా పెద్దది బడికైనా పోలేదని, ఇప్పుడు దాని పిల్లలు బడికి పోతున్నారని.

ఆవిడ మోకాళ్ళు పట్టుకుని లేచి, కుర్చీ నిలబెట్టి కూర్చుంది. కొత్తవి ఎవరివైనా బాగానే ఉంటాయంది. తన శాలల్లో రోజంతా మనుషులు కూర్చుని లేస్తారని, తనకు కావలసింది ఇలా అరిగినా కదలనివని చెప్పింది. ఇవే కావాలంది, ఏమీ మార్చొద్దంది, ఆ గీత కూడా ఉండాలంది. రైలు రేపు పొద్దున్న కూడా ఉంటుంది, ముందు కార్ఖానా చూస్తానంది. ఆపైన నవ్వుతూ అడిగింది.

"ఒక్క మాట కూడా అనకుండా నన్ను ఇంతసేపు కూర్చోబెట్టారే. ఈ హోటలు ఎంచిందెవరు?"

జవాబు బావగారిదే కావాలి. ఆమె గానీ మావయ్య గానీ సాయం చేయలేదు. ఆయన చేతిలోని చెంచాను కప్పు పక్కన సరిగ్గా పెట్టారు.

"మా మరదలు," అన్నారు. "నేను వద్దన్నాను," అని కూడా అన్నారు.

ఆవిడ ఆమె వైపు తిరిగి చెయ్యి చాచింది. చిన్నకోడలు ఆ చెయ్యి అందుకుంది, కూర్చునే.

మర్నాడు ఆవిడ వచ్చేసరికి కార్ఖానాలో గుడ్డలన్నీ తీసేసి ఉన్నాయి. భర్త ఒక్కో యంత్రాన్నీ నడిపి చూపించాడు. ఎప్పుడూ గొణిగే మనిషి ఆ చప్పుడు మీద గొంతెత్తి మాట్లాడుతుంటే ఆమెకు ముచ్చటేసింది. మేస్త్రీ చెవి మీద పెన్సిలు పెట్టుకుని, పిలవకపోయినా ప్రతి మాటకూ తల ఊపాడు. ఆవిడ చూరు కింద ఆరబెట్టిన పలకలను తట్టి చూసి, అక్కడే, రంపపు పొట్టులో నిలబడి, అన్ని శాలలకూ మీవేనని మాట ఇచ్చి వెళ్ళింది. మూసేద్దామన్న మాట ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అన్నవాళ్ళే ముందు మరిచిపోయారు.

ఆ సాయంత్రమే మరో ఊరినుంచి ఎవరో ఫోన్ చేశారు, కుర్చీలు కావాలని, ఒకసారి వచ్చి మాట్లాడతామని. బావగారు ఆఫీసు గదిలోకి వచ్చి, కోటు తగిలించి, ఆమె బల్ల ముందు నిలబడ్డారు. ఈసారి ఏ హోటలు బాగుంటుందని అడిగారు.

ఆమె చెక్క రాని సంగతి మీద కలప అడితి ఆయనతో పోట్లాడే పనిలో ఉంది. ఫోను చేత్తో మూసి, "గుండాయనదే. మీరే ఫోన్ చెయ్యండి బావగారూ, నాకు చేతులు ఖాళీ లేవు," అంది.

 ఆయన రెండో ఫోను దగ్గరికి లాక్కుని, మావయ్య చేసిన కుర్చీలో కూర్చుని, ఎప్పుడూ చేయని పని కనుక నంబరు రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారికి గుండాయనను పట్టుకున్నారు. గోడ పక్క బల్ల కావాలన్నారు. ఆ లేచిన బండ బాగుచేయించారా అని అడిగారు. అవతలినుంచి ఏదో ప్రశ్న వచ్చింది.

ఆయన ఆమె వైపు చూసి, గొంతు సవరించుకున్నారు.

"నలుగురం," అన్నారు. "మా మరదలు ఎక్కడ కూర్చుంటానంటే అక్కడ."